కుందేళ్ల ఆరోవంతు

"కొండవాలు పచ్చికలో సగం ఏనుగులది. మూడోవంతు అడవిదున్నలది. మిగిలినదంతా కుందేళ్లది. ఇది నా మాట."

అనగనగా ఒక అడవిలో, పట్టం కట్టుకున్న నాడు సింహరాజు అన్న మాట ఇది. వేసవి వచ్చింది. కుందేళ్లు కొండవాలుకు వెళితే దున్నలు కొమ్ములు విసిరి తరిమేశాయి.

చెంగలి అనే ఆడకుందేలుకు ఒళ్లు మండింది. బొరియలో దాని పిల్లలు ఎండుపుల్లలు కొరుకుతున్నాయి. తిన్నగా కొలువుకు వెళ్లింది.

"మా వంతు ఏది, మహారాజా?"

రాజు మంత్రివైపు చూశాడు. మంత్రి కొంగ. రోజూ దున్నల వీపులెక్కి పురుగులు ఏరుకు తినే కొంగ. అది కళ్లు మూసుకుని లెక్క చెప్పింది.

"ఏనుగుల వంతు పోగా మిగిలింది సగం. అంటే రెండింట ఒకటి. అందులోంచి దున్నల మూడోవంతు, అంటే మూడింట ఒకటి తీసెయ్యాలి. ఒకటిలోంచి ఒకటి పోతే ఎంత?"

"సున్న" అంది కొలువంతా.

"విన్నావుగా. లెక్కమీద అలగకు తల్లీ."

రెండోసారి చెంగలి కుందేళ్లన్నిటినీ వెంటబెట్టుకు వెళ్లింది. "మేత మా హక్కు, మాట తప్పే రాజ్యం మాకొద్దు" అని అవి గొంతులు కలిపాయి. రాజు ఆవులించాడు.

"అరిస్తే లెక్క మారదు" అంది కొంగ.

ఆ మాట చెంగలిని ఇంటిదాకా పొడిచింది. నిజమే, అరిస్తే మారదు. అయితే లెక్కతోనే అడగాలి.

మూడోసారి ఒంటరిగా వెళ్లింది.

"మంత్రిగారూ, సగంలోంచి మూడోవంతు తీస్తే సున్నేనా?"

"సున్నే."

"అంటే రెండూ సమానమేగా. మరి ఏనుగు పెద్దమ్మ తన సగం దున్నలకిచ్చి వాటి మూడోవంతు పుచ్చుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు."

మూల కునుకు తీస్తున్న ముసలి ఏనుగు చెవులు విప్పింది. "ఎవరి సగం ఎవరికే అమ్మాయ్? నాది పెద్ద ముక్క, వాళ్లది చిన్న ముక్క. రెండూ ఒకటెలా అవుతాయి?"

"నేనూ అదే అడుగుతున్నా పెద్దమ్మా. ముక్కలు ఒకే కొలతవి కానప్పుడు ఒకటిలోంచి ఒకటి ఎలా తీస్తారు?"

చెంగలి ఇసుకలో కొండవాలు గీసింది. దాన్ని ఆరు సమానమైన పట్టీలు చేసింది.

"సగమంటే మూడు పట్టీలు. మూడోవంతంటే రెండు. ఏనుగులు తీసుకోగా మిగిలినవి మూడు. అందులో దున్నలకు రెండు పోతే?"

ఈసారి ఒక దున్నపిల్ల "ఒకటి" అంది. వాళ్లమ్మ దాన్ని కొమ్ముతో పొడిచింది.

"ఆలోచిద్దాం" అన్నాడు రాజు.

"మా పిల్లల ఆకలి ఆలోచనతో తీరదు. ఆరింట ఒకటి మాది. గడువు పెడుతున్నా, ఎప్పుడిస్తారో ఆలోగా చెప్పండి."

ముసలి ఏనుగు లేచి వచ్చి చెంగలి పక్కన నిలబడింది. "నాకూ ఆ జవాబు కావాలి. దీని వంతును సున్న చేసిన లెక్క రేపు నా సగం మీదికీ వస్తుంది."

కొలతలు సమం చేయకుండా తీసివేస్తే పోయేది ఎప్పుడూ చిన్నవాడి వంతే; అందుకే లెక్క తేల్చి, గడువు పెట్టి అడగాలి. చెంగలి పెట్టిన గడువు, రాబోయే వైశాఖ పున్నమి.