పసుపు రాయి మీది మూడో వరస

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరుండేది. ఇటు నీళ్ళు, అటు ఎర్రమట్టి కొండ, మధ్యలో తాటాకు పాకలు. అందరూ వలలేసుకుని బతికేవాళ్ళే. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే ఈ కథ చెప్పడానికి నాకే భయం.

ఆ ఊళ్ళో నూకాలని నీ ఈడు పిల్ల ఉండేది. అమ్మా నాన్నా లేరు పాపం. వాళ్ళ మామ్మ ఎరకమ్మే సాకింది. మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ సంతకెళ్ళి, ఎండుచేపలమ్మి ఆ పిల్లకింత కూడు పెట్టేది. నూకాలుకి లోకంలో ఉన్నదల్లా ఆ ముసలమ్మ ఒక్కతే.

ఊరికీ సముద్రానికీ మధ్య నిలువెత్తు రాయి ఒకటి పాతి ఉండేది. దాని మీద మూడు వరసల్లో అక్షరాలు. ఎవరు చెక్కారో తెలీదు, ఊళ్ళో ఎవరికీ చదువు రాదు. రోజూ పసుపు రాసి రాసి అక్షరాలు సగం పూడిపోయాయి. దణ్ణం పెట్టేటప్పుడు కూడా తల దించుకునే పెట్టేవాళ్ళు. ఎందుకంటే, ఆ రాయిని చదివిన రోజున సముద్రం ఊరి మీదికొస్తుందని వాళ్ళ తాతలు చెప్పారు. ఆ తాతలకి వాళ్ళ తాతలు చెప్పారు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. ఏడాదికోసారి పరుగు పండగ. కులపెద్ద ఎల్లాజీ రాయి దగ్గర నిలబడి, "కొండమ్మ పిలిచిందో" అని కేకేసేవాడు. అంతే, చేతిలో ఏదుంటే అది అక్కడే పడేసి, పిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎత్తుకుని, వెనక్కి చూడకుండా అందరూ కొండెక్కేసేవాళ్ళు. ఊళ్ళో అందరికంటే పెద్దవాళ్ళని, అంటే ఎరకమ్మని, మోయడం కులపెద్ద వంతు. పైన బెల్లం పరమాన్నం వండుకుని, మర్నాడు పొద్దు పొడిచేదాకా దిగేవాళ్ళు కాదు. ఎందుకలా అంటే, పండగ కదా అనేవాళ్ళు. పరమాన్నం చేతిలో ఉంటే నువ్వు మాత్రం ఎందుకని అడుగుతావా?

సరే. ఎరకమ్మ చేపలమ్మే సంత పక్కన ఒక వీధిబడి ఉండేది. మామ్మ బేరాలాడుతుంటే నూకాలు ఆ అరుగు కింద కూచుని, పంతులు చెప్పినవన్నీ ఇసకలో దిద్దుకునేది. అలా అలా చదువొచ్చేసింది. ఊరికొచ్చాక ఒడ్డున తడి ఇసకలో రాసి చూసుకునేది. కెరటం వచ్చి తుడిచేసేది. నాకు చదువొచ్చని సముద్రానికి తెలిసిపోయిందేమో అనుకునేది.

చదువొచ్చిన కళ్ళతో ఒక చిక్కుంది. వద్దనుకున్నా చదివేస్తాయి. ఒకరోజు రాయికి పసుపు రాస్తుంటే పై వరస కళ్ళబడిపోయింది. "కడలి వెనక్కి పోతుంది." అంతే ఉంది. నూకాలు చేతిలో పసుపు కిందపడిపోయింది. ఆ సాయంత్రం ఊళ్ళో కుక్కలన్నీ సముద్రం కేసి తిరిగి ఏడ్చాయి.

ఇంక రాయి వైపు వెళ్ళనని ఒట్టేసుకుంది. కానీ మామ్మకి మోకాళ్ళు పట్టేసి, దీపం పెట్టి రమ్మని పంపింది. కళ్ళు మూసుకునే వెళ్ళింది. వత్తి వెలిగించాలంటే తెరవాలి కదా. అప్పుడు రెండో వరస కనబడింది. "ఒడ్డున చేపలు కుప్పలుగా పడి ఉంటాయి." మర్నాడు బావిలో నీళ్ళు అడుక్కి పోయాయి. చేద అందలేదు.

ఆ తర్వాత నూకాలుకి తిండి సయించలేదు. ఇదంతా నా వల్లే అనుకుంది. మామ్మకి చెబుదామంటే, మామ్మ ముఖం ఎలా అయిపోతుందో తల్చుకుంటేనే ఏడుపొచ్చేది. మూడో వరస చదవలేదు కదా, ఫరవాలేదు, ఫరవాలేదు అని తనకి తనే చెప్పుకునేది.

అప్పుడొక పొద్దున్న నేల కదిలింది. కుండలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అంతలోనే ఆగిపోయింది. కాసేపటికి అందరూ బయటికొచ్చి చూస్తే సముద్రం లేదు. అవును, లేదు. నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి బురద నేల బయటపడింది. కెరటాల చప్పుడే లేదు. పుట్టినప్పట్నించీ చెవుల్లో ఉన్న చప్పుడు ఒక్కసారి ఆగిపోతే ఎంత భయమో చూడు. ఆ బురదలో వంజరాలూ చందువాలూ కుప్పలు కుప్పలుగా కొట్టుకుంటున్నాయి.

చేపలు చూసిన జనానికి భయమెక్కడ? బుట్టలు పట్టుకుని పరిగెత్తారు. ఎరకమ్మ కూడా కుంటుకుంటూ అందరికంటే దూరం వెళ్ళిపోయింది. పిల్లకి కొత్త పరికిణీ కుట్టించాలని ఆశ.

నూకాలు ఒక్కతే రాయి దగ్గర మిగిలింది. మొదటి వరస జరిగిపోయింది. రెండోదీ జరిగిపోయింది. మూడోదాన్లో ఏముందో. చదివితే మామ్మ చచ్చిపోతుందేమో. చదవకపోతే? దూరంగా మామ్మ చిన్న చుక్కలా కనబడుతోంది. నూకాలు గోళ్ళతో పసుపు గీకింది. ఒక్కో అక్షరం బయటికొచ్చింది.

"ఏరకండి. కొండెక్కండి."

అప్పుడు నూకాలు బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తి, "ఏరకండి, కొండెక్కండి, రాయి మీద రాసుంది" అని అరిచింది. వంగిన నడుములన్నీ లేచాయి. ఎల్లాజీ ముఖం నల్లబడింది.

"రాయి సదివినావేటే గుంటా? ఊరిని ముంచేసినావు కదే" అంటూ మీదికొచ్చాడు. కొందరు శాపనార్థాలు పెట్టారు. మిగిలినవాళ్ళు మళ్ళీ చేపల మీదికి వంగారు. వాళ్ళు ఎన్నడూ చదవని రాతని ఎలా నమ్ముతారు? అంతలో దూరంగా, నీళ్ళుండాల్సిన చోట తెల్లగా ఒక గీత లేచింది.

నూకాలుకి ఇంక చెప్పడానికి మాట దొరకలేదు. అలాంటప్పుడు నోటికి అలవాటైందే వస్తుంది. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని కేకేసింది.

"కొండమ్మ పిలిచిందో... ఎనక్కి సూడకండో..."

పండగ కాదు, పబ్బం కాదు. అయినా అదిగో, దూరాన ఎరకమ్మ బుట్ట కింద పడేసింది. ఆ ముసలి గొంతు కూడా కేక అందుకుంది. అప్పుడు ఒక్కో చేతిలోంచి ఒక్కో బుట్ట పడింది. పసితనం నుంచీ ఏటా పరిగెత్తిన కాళ్ళవి, బుర్ర ఎందుకని అడిగేలోపే కదిలిపోయాయి. ఎల్లాజీ నోట్లో తిట్టు ఇంకా నోట్లోనే ఉంది, మనిషి మాత్రం ఉరికెళ్ళి ఎరకమ్మని భుజానేసుకున్నాడు. అతని వంతు కదా.

నూకాలు వెనక్కి చూడలేదు. కానీ వెనక నుంచి చప్పుడు వినబడింది. ఆ చప్పుడు ఎలా ఉందో నీకు చెప్పను, నిద్ర పట్టదు.

అందరూ పైకి చేరారు. కాసేపటికి నీళ్ళు తీశాయి. పడవలేమయ్యాయో చూద్దామని కొందరు దిగబోయారు. "పొద్దు పొడిసేదాకా దిగకూడదు" అంది ఎరకమ్మ. ఆగారు. ఆ తర్వాత ఇంకో కెరటం వచ్చింది. ఆ తర్వాత దానికంటే పెద్దది ఇంకోటి. తెల్లారేసరికి పాకల్లేవు, పడవల్లేవు, రాయి కూడా లేదు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు.

నూకాలు మామ్మ ఒళ్ళో ముఖం దాచుకుని, "నాను సదివినానని వచ్చింది మామ్మా" అని వెక్కివెక్కి ఏడ్చింది.

"పిచ్చిగుంటా" అంది ఎరకమ్మ తల నిమురుతూ. "నీకు ముందూ ఎవులో సదివే ఉంటారు. ఆల మాట ఇనక ఊరు పోయుంటది. మిగిలినోలకి మాట మరుపొచ్చి, బయమొక్కటే గురుతుండిపోనాది."

అప్పుడు ఎల్లాజీ వచ్చి నూకాలు ముందు కూలబడ్డాడు. నిన్నటి కోపం లేదు. అంతకంటే పెద్ద భయం ఏదో పట్టుకుంది అతన్ని.

"ఆ మూడు వరసలూ గురుతున్నాయా తల్లీ?"

"ఉన్నాయి పెదనాన్నా."

"రాయి పోనాది. ఇంక అయ్యి నీ ఒక్కదానికే తెలుసు. నీకేటన్నా అయితే?" అని ఆగాడు. "అందరికీ నేర్పు. ముందు నాకు."

ఆ తర్వాత కొండ మీద బండకే ఆ మూడు వరసలూ చెక్కారు. ఊరు కూడా పైకి జరిగింది. ఏటా పరుగు పండగకి కేక వేసే ముందు ఎవరో ఒక పిల్ల ఆ బండని పైకి చదవాలి, అందరూ తలెత్తి చూస్తూ వినాలి. మూడో వరస దగ్గర ఏ పిల్లకైనా గొంతు వణికేది. వణకాలి మరి. అది వింటేనే అందరి కాళ్ళూ లేచేవి.

నువ్వు రేపు పొద్దున్న పలక పట్టుకుని నా దగ్గరికి రా. ఇప్పుడు కాళ్ళు ముడుచుకుని, నా కొంగు పట్టుకుని పడుకో.

కెరటం కడలికి, పరుగు కొండకి,
కథేమో కంచికి, కునుకు మన కంటికి.