పట్టాభిషేకపు మంగలికత్తి

అనగా అనగా, అద్దమంటే ఏమిటో ఎవరికీ తెలియని కాలంలో మణిగిరి అనే రాజ్యం ఉండేది. అక్కడ కిరీటం పెట్టుకునే ముందు కొత్త రాజు, జనం చూస్తుండగా, తొలి రాజు వాడిన మంగలికత్తితోనే గడ్డం గీయించుకోవాలి.

యువరాజు కువలయుడు ఆ కత్తి దాచిన పెట్టె తెరిపించాడు. కత్తి నిండా తుప్పు. అతని చెయ్యి దానంతటదే గొంతు మీదికి పోయింది.

"బాగుచేయించండి. ఆచారం ప్రకారం, ముందు బాగుచేసినవాళ్ల గడ్డమే దానితో గీయాలి," అన్నాడు.

మొదట నగిషీ పనివాడు కనకలింగం కత్తిని చింతపండుతో తోమి, పిడికి బంగారు తొడుగు వేసి తెచ్చాడు. సభ మురిసిపోయింది.

"ఇక కూర్చో," అన్నాడు యువరాజు.

"మొక్కులో ఉన్నాను ప్రభూ. గడ్డం తీయించకూడదు," అంటూ కనకలింగం వెనక్కి నడిచాడు.

తర్వాత ఆయుధశాల అధికారి భీమరాజు సానచక్రం మీద నిప్పురవ్వలు లేచేలా కత్తిని నూరించాడు. ధైర్యంగానే కూర్చున్నాడు. ఆస్థాన మంగలి ఒక్క గీత గీశాడు. వెంట్రుకలు కదల్లేదు, చర్మం లేచింది.

"వేడికి అంచు చచ్చిపోయింది దొరా," అన్నాడు మంగలి.

మూడోసారి కత్తులు నూరే నాగులమ్మ దాన్ని తీసుకుపోయింది. తొందరపెట్టిన భటులతో, "నీళ్లు పోసి రాతి మీద నూరుతున్నా. మీరు అరిస్తే రాయి పరిగెత్తదు," అంది.

ఆమె తెచ్చిన కత్తి కాస్త సన్నబడింది. వెన్ను దగ్గర నల్లటి మచ్చ అలాగే ఉంది. మంత్రి పెదవి విరిచాడు.

"మచ్చ పోలేదే?"

"పోదు బాబూ. తుప్పు లోతుకి దిగింది. మచ్చ తీస్తే మంచి ఉక్కూ పోతుంది. కాలిన అంచు మాత్రం మొత్తం తీసేశాను."

"మరి నీకు గడ్డం లేదుగా?"

"అందుకే మా ఆయన్ని తెచ్చాను. కూర్చో మావా."

ఈరన్న కూర్చుని మెడ వెనక్కి వాల్చాడు. నాగులమ్మ కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పి అతని గొంతుకు ఆనించింది. గుబురు గడ్డం చప్పుడు లేకుండా రాలుతోంది. ఇంతలో సన్నగా ఏదో వినిపించింది.

ఈరన్న గురక.

కువలయుడు కొయ్యబారి చూశాడు. అంత పదును కింద అంత నిద్ర. అతను మెల్లగా వచ్చి పక్కన కూర్చుని, నాగులమ్మకు తన మెడ అప్పగించాడు. తన పెద్దల గొంతులను తాకిన చల్లటి ఉక్కు, ఈకలా అతని గొంతునూ తాకి పోయింది. కిరీటం పెడుతున్నప్పుడు కూడా అతని చూపు ఆ కత్తి మీదే ఉంది.

మనవాళ్లకు ధైర్యంగా చేసిపెట్టగలిగిన పనినే ఎదుటివాళ్లకూ చేసిపెట్టాలి.