కడుపునొప్పి అన్న పిల్లవాడు

సాకేత్‌కి స్కాన్ చేయడమంటే మహా సరదా. పిల్లల ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరి ఏడాది తిరగలేదు, అప్పుడే తెరమీద ఆవగింజంత తేడా ఉన్నా పట్టేస్తాడని పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా.

ఆ ఉదయం పదకొండేళ్ల లోహిత్‌ని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఐదింటికి నొప్పితో లేచాడట, రెండుసార్లు వాంతి చేసుకున్నాడట.

"ఎక్కడ నొప్పి?" అని సాకేత్ అడిగాడు.

పిల్లవాడు తల్లివైపు ఒకసారి చూసి, పొట్టమీద చెయ్యి పెట్టాడు.

సాకేత్ పొట్టంతా స్కాన్ చేశాడు. పేగుల దగ్గర నాలుగు చిన్న గ్రంథులు వాచి కనిపించాయి. ఇంకేం, దొరికింది అనుకున్నాడు. మందులు వాడితే తగ్గిపోతుందని తల్లికి చెప్పి, రిపోర్టు పట్టుకుని పెద్ద డాక్టరు కరీముల్లాగారి దగ్గరికి వెళ్లాడు. మెచ్చుకుంటారనే ఆశ.

ఆయన కాగితం చదివారు.

"వాడు ఎలా నడిచాడు?"

"మామూలుగానే సార్. కాళ్లు కొంచెం ఎడంగా వేస్తున్నాడు."

అంతే, ఆయన లేచి పిల్లవాడి దగ్గరికి వచ్చారు.

"అమ్మా, పొద్దుట్నించీ ఏమీ తాగినట్టు లేవు. కాస్త టీ తాగి రా తల్లీ" అని తల్లిని పంపించారు. తలుపు వేసి, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. చేతులు చల్లగా ఉన్నాయని అరచేతులు రుద్దుకుంటూ, ఏమీ అడగకుండా అలాగే ఉండిపోయారు. అవతల పాతికమంది ఎదురుచూస్తుంటే ఈ తీరిక ఏమిటని సాకేత్‌కి విసుగేసింది.

పిల్లవాడి కళ్లు నిండాయి.

"పొట్టలో కాదు తాతా. కింద. అమ్మకి చెప్పొద్దు."

"నువ్వు చెప్పక్కర్లేదు, నేనే చెప్తాలే నాయనా. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. చూడమంటావా?"

లోహిత్ తలూపాడు.

ఈసారి సాకేత్ కింద స్కాన్ చేశాడు. కుడి వృషణంలో రక్తం పారుతున్న రంగులు మిణుకుమిణుకుమంటున్నాయి. ఎడమదాంట్లో ఒక్క చుక్క రంగు లేదు. రక్తం తెచ్చే నాళం మెలిపడిపోయింది. ఆరు గంటలు దాటితే దక్కడం కష్టం. నొప్పి మొదలై అప్పటికే నాలుగు గంటలు గడిచాయి.

కరీముల్లాగారు తల్లికి రెండు ముక్కల్లో చెప్పి, సంతకం తీసుకుని, పిల్లవాణ్ణి ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. మెలిక విప్పి, వృషణానికి వెచ్చని తడిగుడ్డ చుట్టి సాకేత్ చేతిలో ఉంచారు.

"పట్టుకో."

సాకేత్ పట్టుకున్నాడు. జీవితంలో ఏ పరీక్ష ఫలితం కోసమూ అంతలా ఎదురుచూడలేదు. పది నిమిషాలకు గుడ్డ తీశారు. నీలంగా కమిలినది మెల్లగా ఎర్రబడుతోంది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. మళ్లీ మెలిపడకుండా ఆయన రెండువైపులా కుట్లు వేశారు.

బయటికొచ్చాక సాకేత్ పొద్దుటి రిపోర్టు తీసి చింపబోయాడు.

"ఎందుకు?" అన్నారు కరీముల్లాగారు.

"తప్పు రాశాను సార్."

ఆయన కాగితం తీసుకుని, కళ్లజోడు సర్దుకుని మొదటినుంచీ మళ్లీ చదివారు. శిష్యుడి భుజంమీద చెయ్యి వేశారు.

"నాలుగు గ్రంథులు, కొలతలతో సహా. ఒక్క తప్పూ లేదు నాయనా" అని కాగితం తిరిగిచ్చేశారు. "ఇందులో పిల్లవాడే లేడు."