ఉయ్యాలల ఖర్చు

ఏలిన రాజు పేరు కూడా ఊరు మరచిపోయినంత పాత ముచ్చట ఇది. రాజుగారి తోటలో ఊరి పిల్లలు సాయంత్రాలు ఉయ్యాలలూగేవారు. తాళ్ళకూ కావలివాడి జీతానికీ అయ్యే ఖర్చు ఖజానాకు బరువని కొత్త దివాను పరశురామయ్యకు తోచింది. "ఏ రోజు ఖర్చు ఆ రోజు ఊగినవాళ్ళే పంచుకుని కట్టాలి" అని దండోరా వేయించాడు.

తోట బయట గుగ్గిళ్ళమ్మే గవరమ్మ మనవరాలు అది విని ఏడుపు లంకించుకుంది.

"ఊరుకోవే తల్లీ, దివానుగారి మనవరాలు కూడా రోజూ ఊగుతుందిగా!" అంది గవరమ్మ. ఇంటింటికీ తిరిగి, రేపు పిల్లల్ని పంపవద్దని చెప్పివచ్చింది.

మర్నాడు దివాను మనవరాలు ఒక్కతే ఊగింది. కావలివాడు మొత్తం ఖర్చు దివానునే అడిగాడు. ఆయన మండిపడుతూ తోటకొచ్చాడు.

"ఊరి ఉయ్యాలల ఖర్చంతా మా పాప నెత్తినా?"

"ఇవాళ ఊగింది పాపేగా బాబుగారూ," అంది గవరమ్మ.

"అయితే రేపటినుంచి మా పాపా రాదు!"

"అలాగే బాబూ. ఎవరూ ఊగకపోతే కావలివాడి జీతం ఎవరిస్తారు? మళ్ళీ ఖజానాయేనా?"

"తాతా, నన్ను ఊపేవాళ్ళే లేరు!" అని ఉయ్యాల మీంచి పాప రాగం తీసింది.

ఆ సాయంత్రమే రుసుము రద్దయిందని దండోరా మోగింది. మర్నాడు పాపను అందరికంటే ఎత్తుకు ఊపింది గవరమ్మ మనవరాలే.