అందమైన కోడికి నాలుగు లక్షణాలు

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమని మాత్రం అడక్కండి, చెబితే ఆ ఊరివాళ్ళు నా మీదికి తగువుకొస్తారు, ఉద్దండ భూపతి అనే రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు కానీ, అబ్బో, ఆ గొప్పలు! పొద్దున్నే నిలువుటద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుని, తనను తాను నాలుగు మాటలు మెచ్చుకోనిదే మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు.

ఆ రాజుగారి కోళ్ళదొడ్డికి పెద్ద అచ్చక్క. రాజుగారి తండ్రి కాలం నుంచీ ఆ దొడ్డి ఆవిడ చేతిలోనే ఉంది. పెద్ద రాజుగారు ఆవిడ మాటకారితనానికి ముచ్చటపడి కొలువులో ఒక పీట కూడా వేయించాడు. నోరు గట్టిది, పట్టు అంతకంటే గట్టిది. ఒకటనుకుందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వెనక్కి తగ్గే రకం కాదు.

ఆ దొడ్డిలోవి అలాంటిలాంటి కోళ్ళు కావు. పుంజుల మెడల మీద పసుపు, వీపుల మీద ఎరుపు, తోకల్లో నెమలిపింఛపు మెరుపు. పెట్టలు చూడటానికి సాదాగా ఉన్నా మండుటెండల్లో కూడా గుడ్డు ఆపేవి కావు. ఆ జాతి ఊరికే పుట్టుకురాలేదండీ. అచ్చక్క పడుచుతనం నుంచి తల నెరిసేదాకా అదే పని మీద ఉంది. రంగు చూసి పుంజును ఉంచేది, గుడ్డు చూసి పెట్టను ఉంచేది. ఏ పెట్టకు ఏ పుంజును జత చేయాలో సొంత కూతురికి సంబంధం చూసినంతగా ఆలోచించేది.

ఆ జాతికంతటికీ మూలం ఒక ముసలి పెట్ట. పేరు బోడక్క. మెడ మీద ఒక్క ఈక లేదు, ఒళ్ళంతా బూడిద రంగు, నడక కాస్త వంకర. అందవికారంగా ఉంటుందంటే నమ్మండి. కానీ దాని గుడ్లలోంచి వచ్చిన పిల్లలే పెరిగి పెద్దవై దొడ్డికంతా వన్నె తెచ్చేవి, గంపలకు గంపలు గుడ్లు పెట్టేవి. అచ్చక్క దాన్ని ప్రాణంలా చూసుకునేది.

ఇలా ఉండగా, ఏటవతలి రాణి మాణిక్యాంబ రాజుగారి కోళ్ళను చూడటానికి వస్తున్నట్టు కబురు పంపింది. రాజుకి కాలు నిలవలేదు. దొడ్డి ఎలా ఉందో చూడటానికి జరీ అంగీ, ముఖమల్ చెప్పులు వేసుకుని తనే స్వయంగా బయలుదేరాడు. సరిగ్గా అప్పుడే బోడక్క గుమ్మం పక్కన గుంట చేసుకుని మట్టిస్నానం చేస్తోంది. రాజు అడుగు పెట్టీ పెట్టగానే రెక్కలు విదిలించింది. ముఖమల్ చెప్పులు కాస్తా మట్టి కొట్టుకుపోయాయి.

"ఛీ ఛీ! ఏమిటీ వికారం?" అని రాజు ఎగిరిపడ్డాడు.

"బోడక్క, దొరా. దొడ్డికి పెద్ద దిక్కు" అంది అచ్చక్క.

"నువ్వు అచ్చక్క, అది బోడక్క. బాగున్నారు అక్కాచెల్లెళ్ళు!" అని రాజు తన మాటకు తనే నవ్వుకున్నాడు. మరుక్షణం మొహం గంటు పెట్టుకున్నాడు. "రాణిగారు వచ్చేసరికి అందం లేని కోడి ఒక్కటి కూడా నా కోటలో ఉండకూడదు. కనబడిందా, వంటశాలకే!"

బోడక్క పోతే ఏముంది ఇంక? ఇన్నేళ్ళ శ్రమా రాజుగారి పళ్ళెంలో పులుసైపోతుంది. అచ్చక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఏడ్చి సాధించే రకమా ఆవిడ? కొంగుతో కళ్ళు తుడుచుకుని చేతులు కట్టుకుంది.

"చిత్తం దొరా. మరి అందమంటే ఏమిటో తమరే సెలవివ్వండి. ఈ ముసలి కళ్ళకి అన్నీ అందంగానే కనిపిస్తాయి."

రాజుకి కావలసిందీ అదే. రొమ్ము విరుచుకున్నాడు, మీసం మెలేశాడు. "విను! నెత్తిన ఎర్రటి జుట్టు కిరీటంలా నిటారుగా నిలబడాలి. మెడ నిండా రంగురంగుల ఈకలు నిగనిగలాడాలి. తోక పొడుగ్గా వంపు తిరిగి ఉండాలి. కూత పెడితే కోటంతా మారుమోగాలి. ఈ నాలుగు లక్షణాలూ లేని కోడి కోట లోపల ఉండటానికి వీల్లేదు. దండోరా వేయించండి!"

ఎదురు చెప్పబోయిన అచ్చక్క టక్కున ఆగిపోయింది. రాజు చెప్పినవన్నీ పుంజు లక్షణాలు. అన్నమాటేమో కోడి అని. పుంజూ కోడే, పెట్టా కోడే కదా! ఆవిడ పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"మరి ఆ లక్షణాలు లేని కోళ్ళు కోట బయట బతకొచ్చునా, దొరా?"

"బయట ఏ గంగలో దూకితే నాకేం!" అని రాజు చెప్పులు దులుపుకుంటూ వెళ్ళిపోయాడు.

అచ్చక్క కొంగు నడుముకి బిగించింది. బోడక్క ఒక్కదాన్నే కాదు, దొడ్డిలో ఉన్న పెట్టలన్నింటినీ గంపలకెత్తించింది. దొడ్డి పనివాళ్ళు లబోదిబోమన్నారు. "ఇదేం పని అక్కా? పెట్టలన్నీ పోతే దొడ్డి ఏం కావాలి?"

"రాజుగారి ఆజ్ఞరా అబ్బాయిలూ. కోటంతా వినబడేలా కూసే పెట్ట ఏదో చూపించండి, దాన్ని ఉంచేస్తాను" అంది అచ్చక్క.

కోట వెనక కుమ్మరి వీధి ఉంది. అక్కడి ఆడవాళ్ళకి అచ్చక్క అంటే ప్రాణం. తలా ఒక పెట్టను తీసుకున్నారు. విరిగిన బానల్లో ఊక పోసి గూళ్ళు చేశారు. బోడక్క ఒక పాత బానలో దర్జాగా సర్దుకుని గుడ్లు పొదగడానికి కూర్చుంది.

ఇక్కడ కోటలో రాజుగారు దొడ్డి చూసి మురిసిపోయాడు. ఎటు చూసినా ఎర్ర జుట్లు, పొడుగు తోకలు! కానీ ఆ మురిపెం ఎంతసేపు? తెల్లవారకముందే ఒకటి కూస్తే దానిమీద పోటీగా ఇంకొకటి, దానిమీద మరొకటి. రాజుకి నిద్ర లేదు. పెట్టలు లేని దొడ్డిలో పుంజులకి ఏం పని? ఒకదాన్నొకటి తరుముకోవడం, ఈకలు పీక్కోవడం. వన్నెల తోకలు ఊడి గాలికి ఎగురుతున్నాయి. పైగా పొద్దున పళ్ళెంలో వచ్చే గుడ్డట్టు రావడం మానేసింది. వైద్యుడు పథ్యం పెట్టాడు కాబోలనుకుని రాజు బింకంగా గంజి తాగి ఊరుకున్నాడు. అడిగితే చిన్నతనం కదా!

అంతలో మాణిక్యాంబ రానే వచ్చింది. రాజు కొలువునంతా వెంటేసుకుని రాణిని దొడ్డికి తీసుకెళ్ళాడు. రాణి చుట్టూ చూసింది, ఒక తోక లేని పుంజు కేసి చూసింది, నవ్వాపుకుంటూ అడిగింది.

"పుంజులు బాగున్నాయి భూపతిగారూ. పెట్టలేవీ? మా రాజ్యంలో కొక్కెర తెగులు వచ్చి ఇంటింటా కోళ్ళు పోయాయి. జనం గోల పెడుతున్నారు. మీ జాతి గుడ్లు పట్టుకెళ్ళి పొదిగించుకుందామని వచ్చాను. ఒక గంపెడు ఇప్పించండి, మీ మేలు మరిచిపోను."

"గంపెడేమిటి, బండెడు!" అని రాజు చెయ్యి ఊపాడు. "అచ్చక్కా! గుడ్లు పట్టుకురా!"

"లేవు, దొరా."

"లేవా? పెట్టలేమయ్యాయి?"

"తమరి ఆజ్ఞ ప్రకారం బయటికి పంపేశాను."

"పెట్టల్ని పంపమని నేనెప్పుడన్నాను?" రాజు పళ్ళు పటపటా కొరికాడు.

"నాలుగు లక్షణాలు లేని కోడి అన్నారు. పెట్ట కోడి కాదా దొరా? ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని బతిమాలాను, ఒక్క కూత కుయ్యవే తల్లీ అని. ఒక్కటీ కుయ్యలేదు. తమరు చెప్పిన అందం కూస్తుంది గానీ, గుడ్డు పెట్టదు దొరా!"

రాణి పకపకా నవ్వేసింది. కొలువులో వాళ్ళు నవ్వలేక, ఆపుకోలేక దగ్గు నటించారు. రాజు మొహం పుంజు జుట్టుకంటే ఎర్రబడింది.

"చాల్లే! ఈ క్షణమే వాటిని వెనక్కి తీసుకురా!"

అచ్చక్క కదల్లేదు. ఉన్నచోటే నేల మీద చతికిలబడింది. "ఎలా తెస్తాను దొరా? లోపల కనబడితే వంటశాలకే అన్నారు. ఆ మాట ఉన్నంతవరకూ నా పెట్ట ఒక్కటి కూడా ఈ గుమ్మం దాటదు."

"ఉద్యోగం పీకేస్తాను!"

"పీకేయండి. నా బలగమంతా కుమ్మరి వీధిలోనే ఉంది, నేనూ అక్కడికే పోతాను."

"రాజు నోట వచ్చిన మాట వెనక్కి పోదు!" అని రాజు గర్జించాడు. గర్జించాడే గానీ లోపల గుటకలు మింగుతున్నాడు. పొరుగు రాణికి బండెడు గుడ్లని మాటిచ్చాడు, అదీ కొలువంతా వింటుండగా.

అచ్చక్క మెల్లగా లేచి నిలబడింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"దొరా, నా బతుకంతా ఆ పెట్టల్లోనే పోశాను. అవి లేకపోతే నేనూ లేను. అలాగని తమరి మాట వెనక్కి తీసుకోమని అనను. ముందుకి ఒక్క ముక్క చేర్చండి, చాలు. ఈ నాలుగు లక్షణాలూ లేని కోడి కోటలో ఉండకూడదు... పుంజయితే!"

రాజు ఆ మాటను నోట్లోనే ఒకసారి అనుకుని చూసుకున్నాడు. మాట వెనక్కి పోలేదు. పరువూ పోలేదు. కోపంతో బిగిసిన మీసం కొసలు మెల్లగా వదులయ్యాయి.

"దండోరా వేయించండి" అన్నాడు, "పుంజయితే!"

సాయంత్రానికల్లా గంపలు తిరిగొచ్చాయి. అన్నిటికంటే వెనక, కుమ్మరి వీధి ఆడవాళ్ళు మోసుకొస్తున్న పాత బానలో బోడక్క. దాని రెక్కల కిందనుంచి అప్పుడే గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన పిల్లలు, పసుపు ముద్దల్లాంటివి, తొంగి చూస్తున్నాయి. రాణి ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని వదిలిపెట్టలేకపోయింది. కుమ్మరి వీధిలో దాచిన గుడ్లతో ఆవిడ బండి నిండిపోయింది.

రాజు అచ్చక్కను పిలిచి తన మెడలోని ముత్యాలహారం తీసి ఇచ్చాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"దొడ్డిలో ఏది ఉండాలో, ఏది పోవాలో ఇకమీదట నేనే చెప్పాలి. ఇంకెవ్వరూ నోరెత్తకూడదు" అంది అచ్చక్క. వెనకాముందు చూడలేదు.

"ఇచ్చాను పో! అయితే ఒక మాట చెప్పు" అని రాజు మీసం చాటున నవ్వాడు. "నేనే నీ దొడ్డిలో పుంజునైతే ఉంచేదానివా, వంటశాలకి పంపేదానివా?"

అచ్చక్క రాజుని కిందనుంచి పైదాకా, బేరానికొచ్చిన కోడిని చూసినట్టు, తీరిగ్గా చూసింది.

"ఉంచుతాను దొరా. కూసే పుంజులు కోకొల్లలు. చెబితే వినే పుంజును ఇవాళే చూస్తున్నాను. ఆ జాతిని పోనివ్వకూడదు!"

రాజు పొట్ట పట్టుకుని, కిరీటం జారిపోతున్నా పట్టించుకోకుండా నవ్వాడు. ఆ నవ్వుకి దొడ్డిలో పుంజులన్నీ ఒక్కసారిగా కూశాయి.