బోర్డు మీద ఆగిన పీత

తబస్సుమ్‌కి ఆ ఉదయం ఏడుపొక్కటే తక్కువ.

ముందురోజు మూడో తరగతిలో పండగే జరిగింది. గోడకి బిగించిన డిజిటల్ బోర్డు మీద తను సొంతంగా తయారుచేసిన క్విజ్ పెట్టింది. జవాబు సరిగ్గా నొక్కితే టోపీ పెట్టుకున్న కోతి గెంతుకుంటూ వచ్చి చప్పట్లు కొడుతుంది. తప్పు నొక్కితే నెత్తి గోక్కుంటుంది. పిల్లలు బెంచీలెక్కి కేకలు పెట్టారు. పక్క క్లాసు వాళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడారు. మొక్కకి వేరు ఏం చేస్తుంది, ఆకు ఏం చేస్తుంది అన్నది పాఠం. దాదాపు అందరూ సరిగ్గానే నొక్కారు.

ఇవాళ క్లాసులోకి రాగానే అడిగింది. "నిన్న ఏం నేర్చుకున్నాం?"

"కోతి!" అన్నారు అందరూ ఒక్కసారే.

"కోతి సరే. మొక్కకి వేరు ఏం చేస్తుంది?"

మూడో బెంచీలో నాంచారి బాగా ఆలోచించి చెయ్యెత్తింది.

"కోతి టోపీ ఎర్రగా ఉంటది టీచర్."

తబస్సుమ్ టీచర్ శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. పాఠాలు చెప్పడం సాధన చెయ్యడానికి కాలేజీ వాళ్ళు ఆమెని సముద్రానికి దగ్గర్లో ఉన్న లంకపాలెం బడికి పంపారు. వచ్చిన రోజున డిజిటల్ బోర్డుకి దుప్పటి కప్పి ఉంది. ఆ దుప్పటి తీసి మడతపెట్టింది వజ్రమ్మ టీచరే. ఆ ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి ఆమె. తబస్సుమ్‌కి పని నేర్పే బాధ్యత కూడా ఆమెదే.

"నాకు దీంట్లో పాటలు పెట్టడం వరకే వచ్చమ్మా. నువ్వేమేం చేస్తావో చెయ్యి. నేను వెనక కూచుని చూస్తా" అంది ఆ రోజు.

అన్నట్టే ఆఖరి బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూచునేది. కోతి చప్పట్లు కొడితే తనూ కొట్టేది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర తబస్సుమ్ గోడు వెళ్ళబోసుకుంది.

"టీచర్ గారూ, పిల్లలు చూస్తున్నంతసేపూ అంత సంతోషంగా ఉంటారు కదా. తెల్లారేసరికి ఒక్క ముక్క కూడా గుర్తుండట్లేదు. ఇంతకంటే మంచి యాప్ ఏదో ఉండాలి. నేనే సరిగ్గా వెతకలేదేమో."

వజ్రమ్మ పెరుగన్నం కలుపుకుంటూ వింది. "వెతుకమ్మా" అంది.

అంతే చాలు తబస్సుమ్‌కి. ఆ వారమంతా ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. బస్సులో కూచున్నా ఫోన్లో ఏదో ఒకటి నొక్కి చూడటమే. ఎంతెంత వింతలున్నాయో లోకంలో! టాబ్ పట్టుకుని చూస్తే బల్ల మీద బతికున్న ఏనుగు నిలబడినట్టు కనిపించే యాప్ దొరికింది. ఆకాశం మీంచి జారుకుంటూ వచ్చి సరిగ్గా తమ బడి కప్పు మీద వాలే మ్యాప్ దొరికింది. పిల్లల గొంతుని పులి గొంతుగా మార్చేది ఒకటి దొరికింది. ఒక్కొక్కటీ దొరికినప్పుడల్లా ఎప్పుడెప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు పిల్లలకి చూపిస్తానా అని ఎదురుచూసేది.

పిల్లలకీ అంతే. తబస్సుమ్ బస్సు దిగడం ఆలస్యం, "ఇయాళేంటి టీచర్? ఇయాళేంటి?" అని చుట్టుముట్టేవాళ్ళు.

మర్నాడు అడిగితే మాత్రం మళ్ళీ అదే కథ.

"ఏనుగు ఏం తింటుంది?"

"ఏనుగు జెస్సీ నెత్తి మీదెక్కింది టీచర్!"

ఇలా ఉండగా కాలేజీ నుంచి కబురొచ్చింది. గురువారం ఓబుళేసు సార్ వచ్చి తబస్సుమ్ పాఠం చూస్తారు. ఆ పాఠానికి ఆయన వేసే మార్కులే ఆఖరి మార్కులు. ఓబుళేసు సార్ కడప వైపు మనిషి. నవ్వరు. మొదలుపెట్టిన పాఠం గంట కొట్టేలోపు పూర్తి కాకపోతే నిర్దాక్షిణ్యంగా మార్కులు కోసేస్తారని సీనియర్లు ముందే చెప్పి భయపెట్టారు.

మన చుట్టూ ఉండే జంతువులు అన్నది పాఠం. తబస్సుమ్ దానికోసం వెతుకుతూ పోతే ఒక పీత వీడియో తగిలింది. చిన్న వీడియో. మాటల్లేవు, పాటల్లేవు. ఒక పీత, కొంచెం ఇసుక, కొంచెం నీళ్ళు. చివర్లో జరిగేది చూసి తబస్సుమ్ మంచం మీంచి లేచి నిలబడింది. "అమ్మీ, ఇట్రా, ఇది చూడు!" అని వంటింట్లోంచి తల్లిని లాక్కొచ్చి మళ్ళీ మొదట్నుంచీ పెట్టింది.

గురువారం పాఠంలో అదే పెట్టాలని నిశ్చయించుకుంది. దాని తర్వాత ఒక పాట, పాట తర్వాత క్విజ్, క్విజ్‌లో కోతి. ఏదెంతసేపో చూసుకుని అన్నీ గంట లోపల ఇమిడేలా అమర్చుకుంది.

బుధవారం సాయంత్రం బడి వదిలాక వజ్రమ్మ టీచర్ అడిగింది.

"రేపు రిమోట్ నేను పట్టుకోనా? నువ్వు పిల్లల దగ్గరుండొచ్చు."

తబస్సుమ్‌కి ఎంత సంతోషమేసిందో! ఆమె పక్కన కూచుని ఓపిగ్గా నేర్పింది. "ఇది నొక్కితే మొదలవుద్ది టీచర్ గారూ. ఇది నొక్కితే ఆగుద్ది. ఇది సౌండు."

వజ్రమ్మ ఒకటో తరగతి పిల్లలా వేలు పెట్టి ఒక్కో మీటా చూసుకుంది.

"ఆపితే బొమ్మ పోద్దా, అట్టాగే ఉంటదా?"

"అట్టాగే ఉంటది."

"ఎంతసేపైనా?"

"ఎంతసేపైనా. ఒకసారి పీత వీడియో పెట్టి చూపించనా?"

"వద్దులే. నేనూ పిల్లల్తోపాటే చూస్తా."

గురువారం ఓబుళేసు సార్ చంకలో ఫైలుతో వచ్చి, గోడ పక్కన కుర్చీ వేసుకుని కూచున్నారు. తబస్సుమ్ ఆయన వైపు చూడకుండా క్లాసు వైపు తిరిగింది. పిల్లల ముఖాలు చూడగానే హుషారొచ్చింది. రెండు మాటలు చెప్పి, వజ్రమ్మ వైపు తల ఊపింది.

బోర్డు నిండా పీత వచ్చింది. డెక్కల దగ్గర్నుంచి కళ్ళ దాకా అంత పెద్దగా కనపడేసరికి పిల్లలు "అబ్బో" అన్నారు. పీత నడవట్లేదు. ఇసుకలో ఒకచోట నిలబడింది. కాసేపటికి దాని ఒళ్ళు సన్నగా వణికింది. ఆ తర్వాత వీపు చిప్ప వెనక అంచున ఒక గీత పడింది. గీత నెమ్మదిగా విచ్చుకుంది. లోపల ఏదో కదిలింది.

బొమ్మ ఆగిపోయింది.

నెట్ పోయిందనుకుంది తబస్సుమ్. వెనక్కి చూసింది. వజ్రమ్మ టీచర్ రిమోట్ ఒళ్ళో పెట్టుకుని బోర్డు వంకే చూస్తోంది.

"టీచర్ గారూ, మీ చెయ్యి తగిలినట్టుంది."

"తగల్లేదమ్మా. నేనే ఆపాను."

ఆమె పిల్లల్ని ఏమీ అడగలేదు. బొమ్మని చూస్తూ కూచుంది.

ఓబుళేసు సార్ కలం పట్టుకుని ఫైలు మీదికి వంగారు. ఒక్క అడుగు వేసి బోర్డు మీద వేలు పెడితే చాలు, వీడియో మళ్ళీ కదులుతుంది. తబస్సుమ్ అడుగు వెయ్యబోయి, పిల్లల వైపు చూసింది.

ఒక్కళ్ళూ ఆమెని చూడట్లేదు. బెంచీలెక్కిన వాళ్ళు లేరు, కేకలు లేవు. నాంచారి నోరు తెరుచుకుని ఉంది. జెస్సీ జడ కొస నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయింది. ఇంతమంది పిల్లలు ఇంత నిశ్శబ్దంగా ఉండగలరని తబస్సుమ్‌కి ఇన్నాళ్ళూ తెలీదు.

ఆమె ఎత్తిన కాలు అక్కడే దించింది.

కిరీటి అనే పిల్లాడు మెల్లగా లేచాడు. ఎవర్నీ అడక్కుండా బోర్డు దగ్గరికి నడిచాడు. పీత వీపు మీది పగులు దగ్గర మొహం పెట్టి లోపలికి చూశాడు.

"దీని లోపల ఎవరో ఉన్నారు" అన్నాడు.

అంతే, క్లాసు భగ్గుమంది.

"ఎవరూ లేరు, అది పగిలిపోయింది! చచ్చిపోద్ది!"

"పిల్లల్ని పెడతందిరా!"

"పీత గుడ్లు పొట్ట కింద పెడద్ది, వీపులో కాదు! నేను చూశా!"

"మరి కదిలిందేంది లోపల?"

"ఇంకో పీత దాన్ని తినేసింది లోపల్నించి!"

తబస్సుమ్‌కి ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. బోర్డు మీద రాసే పెన్ను తీసి కిరీటి చేతిలో పెట్టింది. "లోపల ఎవరున్నారో గీసి చూపించు." వాడు ఆగిన పీత మీదే ఎర్రరంగుతో ఇంకో పీతని గీశాడు. జెస్సీ పెన్ను లాక్కుని గుడ్లు గీసింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి వచ్చి పగులు దగ్గర చిన్న కన్ను గీసి వెళ్ళి కూచుంది. ఆ కన్ను గురించి మళ్ళీ పెద్ద గొడవ. ఒక్కొక్కరినీ "నీకెందుకలా అనిపించింది?" అని అడుగుతూ తబస్సుమ్ టైమ్ సంగతే మర్చిపోయింది. పాట లేదు, క్విజ్ లేదు, కోతి అసలే లేదు.

గంట కొట్టారు.

వజ్రమ్మ లేచొచ్చి బోర్డు కట్టేసింది.

"ఏమైద్ది టీచర్? చెప్పండి టీచర్!" పిల్లలు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకున్నారు.

"నాకేం తెలుసు? ఇంటికెళ్ళి అడగండి" అంది ఆమె.

ఓబుళేసు సార్ ఫైలు మూశారు. నల్లగా అయిపోయిన బోర్డు వంక ఒక క్షణం చూశారు.

"పాఠం పూర్తి కాలేదు" అన్నారు.

"లేదు సార్" అంది తబస్సుమ్ తల వంచుకుని.

"మా పక్క పీతని ఎండ్రకాయ అంటాం" అన్నారాయన. ఇంకేదో అనబోయి, బస్సు టైమైందని వెళ్ళిపోయారు.

ఆయన గేటు దాటేదాకా ఆపుకున్న కన్నీళ్ళు తబస్సుమ్‌కి అప్పుడొచ్చేశాయి.

"ఇంకొక్క నిమిషమే ఉంది టీచర్ గారూ ఆ వీడియో! అసలు చూడాల్సిందంతా ఆ ఒక్క నిమిషంలోనే ఉంది. ఎందుకాపారు?"

వజ్రమ్మ కొంగుతో రిమోట్ తుడిచి బీరువాలో పెట్టింది.

"రేపు కొంచెం ముందుగా రా" అంది.

శుక్రవారం తబస్సుమ్ మొదటి బస్సుకే వచ్చింది. తనే ముందు వచ్చాననుకుంది. చూస్తే మూడో తరగతి మొత్తం గేటు దగ్గరే ఉంది.

కిరీటి చేతిలో బకెట్టు. అందులో బతికున్న పీత ఒకటి డెక్కలాడిస్తోంది. రాత్రంతా దానికి కాపలా పడుకున్నాట్ట, వీపు పగలనే లేదట. నాంచారి కాగితం పొట్లం జాగ్రత్తగా విప్పింది. లోపల ఒక పీత, కాళ్ళూ డెక్కలూ అన్నీ ఉన్నాయి గానీ దూదిపింజంత తేలిగ్గా ఉంది. చెరువు గట్టున వాళ్ళ నాన్నకి దొరికిందట.

"మా నాయనమ్మ ఇది చచ్చిన పీత అంది టీచర్. మా తాత చావలేదు పొమ్మన్నాడు. ఇద్దరూ పోట్లాడుకుని అన్నాలు కూడా తిన్లేదు."

"మా అమ్మ మీ టీచర్నే అడగమంది!"

"మా మామకి తెలుసంట, చెప్పట్లేదు!"

జెస్సీ వాళ్ళమ్మ పనిలోకి వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "ఏమైద్దమ్మా అది?" అని తనే అడిగేసింది.

తబస్సుమ్ తాళం తియ్యగానే పిల్లలు ఆమెని తోసుకుంటూ లోపల పడ్డారు. తబస్సుమ్ గబగబా బోర్డు ఆన్ చేసింది. వజ్రమ్మ టీచర్ వచ్చి తన బెంచీలో కూచుంది. రిమోట్ తబస్సుమ్ చేతికే ఇచ్చింది.

నిన్న ఆగిన చోటి నుంచి పీత మళ్ళీ కదిలింది. పగులు వెడల్పయింది. అందులోంచి ఒక మెత్తటి, తడి తడి ఒళ్ళు వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికొచ్చింది. ముందు వీపు. తర్వాత ఒక్కో కాలూ, చొక్కా చేతుల్లోంచి లాక్కున్నట్టు. ఆఖర్న డెక్కలు. ఇసుక మీద ఇప్పుడు రెండు పీతలున్నాయి. ఒకటి డొల్ల. ఇంకోటి అదే పీత, ముందటికంటే పెద్దది, సరికొత్తది.

ఆ తర్వాత పుట్టిన కేకకి బడి కప్పు లేచిపోతుందేమో అనిపించింది.

"చెప్పానా! లోపల ఉన్నారని చెప్పానా!"

"మా తాత గెలిచాడు!"

నాంచారి తన పొట్లంలోని డొల్లని రెండు అరచేతుల్లో ఎత్తి బోర్డు పక్కన పట్టుకుంది. "టీచర్, దీన్లోంచి వచ్చింది ఎక్కడుంది ఇప్పుడు? మెత్తగా ఉంటే చేపలు తినెయ్యవా? ఎక్కడ దాక్కుంటది?" అందరూ ఆ డొల్ల మీద పడ్డారు. వజ్రమ్మ టీచర్ కూడా లేచొచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, పిల్లల తలల మధ్యలోంచి తొంగి చూస్తోంది.

ఆ గోలలో తబస్సుమ్ ఫోన్ మోగింది. ఓబుళేసు సార్. ఆమె రిమోట్ బల్ల మీద పెట్టేసింది. వరండాలోకి పరుగెత్తింది.

"నమస్తే సార్. నిన్న పాఠం పూర్తి చెయ్యలేకపోయాను, సారీ సార్. మార్కులు..."

"మార్కుల సంగతి తర్వాత చూద్దాంలేమ్మా." ఆయన కొంచెం తటపటాయించారు. "బస్సులో అదే ఆలోచన. ఇంటికి పోయినా అదే. ఫోన్లో వెతికితే దొరుకుతుంది, తెలుసు. ఎందుకో అట్ల చూడబుద్ధి కాలేదు. ఇంతకీ ఆ ఎండ్రకాయ ఏమైందమ్మా?"

జవాబు తబస్సుమ్ నాలిక చివరిదాకా వచ్చింది. లోపల పిల్లలు ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. ఆమె గుమ్మంలోంచి వాళ్ళని చూసింది.

"మీరేమనుకుంటున్నారు, సార్?"

"అదీ..." అని ఆగారు అవతల ఓబుళేసు సార్.

తబస్సుమ్ ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడింది. తొందరపెట్టలేదు.