మూడు గింజలకు ఏడు వానల శిక్ష

గోదారి ఒడ్డు అడవిలో పులిరాజుగారు కునుకు తీస్తుంటే, రాజ్యాన్ని మంత్రి జిత్తయ్య నక్క ఏలుతుండేవాడు. రాజుగారి కొట్లోంచి ఒక్క గింజ తీసినా సరే, ఏటి నడుమ ఇసుకలంకలో ఏడు వానాకాలాలు పడుండాలన్నది ఆయన పెట్టిన చట్టం. పోయినవాళ్ళు దాచుకున్న తిండి మాత్రం మంత్రిగారి గుహకు చేరేది. కంచే చేను మేస్తుంటే అడిగేదెవరు?

సుంకి అనే ఉడుత మూడు వేరుశనగ గింజలు తీసి పట్టుబడింది.

"మూడే కదండీ, ఆకలేసి తీశాను!"

"నేరం నేరమే," అన్నాడు జిత్తయ్య. "ఆ దున్నపోతు ఎక్కవమ్మా, ఎక్కు!"

దొంగలను లంకకు మోసేది కర్రెన్న దున్నపోతు. రాజుగారి ముందు నేరం చెప్పిన దొంగల్నే ఎక్కించుకోవాలి, ఏడు వానలు పడ్డాకే వెనక్కి తేవాలి. అతనికి తెలిసిన చట్టమల్లా అదే.

లంకలో దిగగానే సుంకి బుగ్గన దాచుకున్న ఆ మూడు గింజలనూ పాతిపెట్టి, ఎక్కడ పాతిందో మరిచిపోయింది. ఉడుతల ఇంటి జబ్బది. వానలు పడ్డాయి, మొక్కలు లేచాయి. దుంపముక్క నేరానికి ముందే వచ్చిపడ్డ పేరయ్య పందికొక్కు గంతులేశాడు.

"ఒసే సుంకీ, నీ మతిమరుపు బంగారం కానూ!"

కాసిన గింజలన్నీ మళ్ళీ నాటారు. మూడేళ్ళకు లంకంతా పచ్చబడింది. సుంకికి ఇక ఏడుపన్నదే గుర్తు రాలేదు.

ఓ పొద్దున అవతలి ఒడ్డున జిత్తయ్య కనిపించాడు. ఊరక రారు మహాత్ములు.

"ఆ పంట దొంగసొత్తు! మొత్తం పంపండి!"

పంట పోతే వానాకాలమంతా పస్తే. అయినా సుంకి నవ్వుతూ కేకేసింది.

"పంపితే దారిలో తడిసిపోద్ది బాబూ! మీరే వచ్చి పట్టికెళ్ళండి. కాకపోతే కర్రెన్న దొంగల్నే ఎక్కించుకుంటాడు మరి!"

"ఓస్, అంతేనా? కర్రెన్నా, నేనూ దొంగనే, పద!"

"ఏం దొంగిలించారో రాజుగారి ముందు చెప్పాలండి," అన్నాడు కర్రెన్న.

రాజుగారు ఎప్పటిలాగే ఆ ఒడ్డునే గుర్రు పెడుతున్నారు, వినరులే అనుకున్నాడు. జిత్తయ్యకు నోరూరుతోంది. "సుంకి గింజలు, పేరయ్య దుంపలు, రాజుగారి కొట్లో సగం! చాలా?"

పులిరాజుగారు ఒక కన్ను తెరిచారు. "చాలు. ఎక్కించుకో. మిగతావాళ్ళందరికీ విడుదల!"

పంట మీదే చూపున్న జిత్తయ్యకు లంకలో దిగాక గానీ సంగతి తలకెక్కలేదు.

"కర్రెన్నా, వెనక్కి తీసుకుపో!"

"ఏడు వానలండి. తమరి చట్టమే."

పేరయ్య సంబరంగా, "మరి మనం పోదామా?" అన్నాడు.

"ఈ చేను వదిలి ఎక్కడికి?" అంది సుంకి.

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు కదా. జిత్తయ్య చేతులు జోడించాడు. "సుంకమ్మా, నా తల్లీ, రాజుగారితో ఓ మాట చెప్పవా?"

"చెప్తాలెండి. ముందా వరస కలుపు తీయండి మంత్రిగారూ!"

నీతి: పేదవాడి కోసం పేనిన తాడు పేనినవాడి మెడకూ సరిపోతుంది.